సారాంశం బాగుంది, వాదన ఎక్కడ?

ప్రశ్న: నేను ఎం.ఏ. ఫిలాసఫీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ వరకూ తెలుగు మాధ్యమమే. ఈ సెమిస్టర్‌లో ‘ప్రాణం కాపాడటానికి అబద్ధమాడవచ్చా? కాంట్ వాదనను పరిశీలించండి’ అన్న అంశం మీద పేపర్ రాయమన్నారు. నెల రోజులు లైబ్రరీలో కూర్చుని పన్నెండు పేజీలు రాశాను. 25కి 11 మార్కులు వచ్చాయి. చివరి పేజీలో ఎర్రసిరాతో ఒకే ఒక్క వాక్యం: ‘సారాంశం బాగుంది, వాదన ఎక్కడ?’ నా గదిలో ఉండే అమ్మాయి ఆరు పేజీలే రాసింది, తనకు 19 వచ్చాయి. మూడు వారాల్లో తిరగరాసి ఇస్తే మళ్లీ దిద్దుతామని మా సార్ అన్నారు. కాంట్ అంతటి తత్వవేత్తతో విభేదించడానికి నేనెవరిని? నా ఇంగ్లీషు బాగా లేకపోవడమే అసలు కారణమా? పేపర్ ప్రతి జతచేస్తున్నాను. మంచి ఫిలాసఫీ పేపర్ ఎలా ఉండాలో చెప్పగలరా?
– ఒక విద్యార్థిని

సమాధానం:

అమ్మా, మీ పేపర్ రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు, ఇంత కష్టపడిన అమ్మాయికి ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారే అని మీ సార్ మీద కొంచెం కోపం వచ్చింది. రెండోసారి చదివాక ఆ వాక్యం నిజమేననిపించింది. ఆయన మరో నాలుగు మాటలు రాసి ఉండవలసింది. ఆ నాలుగు మాటలూ నేను చెప్పే ప్రయత్నం చేస్తాను.

మొదటి పేజీ ‘మానవజాతి పుట్టినప్పటి నుంచీ సత్యం గురించి ఆలోచిస్తూనే ఉంది’ అని మొదలై హరిశ్చంద్రుడి మీదుగా గాంధీ వరకూ వెళ్లింది. రెండు నుంచి నాలుగో పేజీ వరకూ కాంట్ జీవితం. అయిదు నుంచి తొమ్మిది వరకూ అబద్ధం గురించి 1797లో ఆయన రాసిన వ్యాసం సారాంశం. తరువాత రెండు పేజీల్లో ముగ్గురు వ్యాఖ్యాతలు వరుసగా వచ్చి వెళ్లిపోయారు. పన్నెండో పేజీలో ‘కాబట్టి కాంట్ అభిప్రాయంలో బలాలూ ఉన్నాయి, బలహీనతలూ ఉన్నాయి’ అని ముగించారు.

ఇందులో తప్పుడు వాక్యాలు దాదాపు లేవు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఎవరూ కాదనలేని వాక్యాలే పన్నెండు పేజీల నిండా ఉన్నాయి. బలాలూ బలహీనతలూ ఉన్నాయన్న మాట ఏ తత్వవేత్త గురించయినా చెప్పవచ్చు, అతని పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు. పదో తరగతి నుంచి మనకు అబ్బిన అలవాటు ఇది. తెలిసినదంతా రాస్తే అందులో దేనికో ఒకదానికి మార్కులు పడతాయన్న నమ్మకంతో పేజీలు నింపడం నేర్చుకున్నాం. చరిత్ర పరీక్షలో అది కొంతవరకూ పనికొస్తుంది. ఫిలాసఫీలో కాంట్ ఏమన్నాడో మీ సార్‌కి ముందే తెలుసు. ఆయన చూడాలనుకున్నది, ఆ మాట మీ చేతికి వచ్చాక మీరు దాన్ని ఏం చేశారని.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదో పేజీ అడుగున మీరు ఒక వాక్యం రాశారు: ‘మిత్రుడు ముందే బయటికి వెళ్లిపోయి ఉండవచ్చు అని కాంట్ వేసిన లెక్క ఆయన సిద్ధాంతానికే సరిపడదేమో అనిపిస్తుంది.’ రాసి, పేజీ తిప్పి, వ్యాఖ్యాతల దగ్గరికి వెళ్లిపోయారు. మీ పేపర్ ఆ వాక్యంలో ఉంది. మిగిలిన పేజీలన్నీ అక్కడికి చేరడానికి మీరు నడిచిన దారి. ఆ నడక వృథా కాలేదు, కానీ దాన్నంతా పాఠకుడి చేత మళ్లీ నడిపించనక్కర్లేదు.

కాంట్ కథ ఇది కదా: ఒకడు మీ మిత్రుణ్ని చంపడానికి తరుముకుంటూ వస్తాడు. మిత్రుడు మీ ఇంట్లో దాక్కున్నాడు. లోపల ఉన్నాడా అని హంతకుడు మిమ్మల్ని అడుగుతాడు. అప్పుడు కూడా అబద్ధం చెప్పకూడదంటాడు కాంట్. మీరు ‘లేడు’ అన్నారనుకోండి. అదే సమయానికి మిత్రుడు మీకు తెలియకుండా వెనకనుంచి జారుకున్నాడనుకోండి. మీ మాట నమ్మి వెనుదిరిగిన హంతకుడికి అతను దారిలో ఎదురుపడి చనిపోతే, ఆ చావుకు మీరు బాధ్యులు. నిజం చెప్పి ఉంటే హంతకుడు ఇల్లంతా వెతికేలోగా ఇరుగుపొరుగు వచ్చి పట్టుకునేవారేమో.

దీన్ని చదివి మీరు ఉలిక్కిపడ్డారు. ఒక పని మంచిదా చెడ్డదా అన్నది ఫలితాన్ని బట్టి తేలదని జీవితమంతా చెప్పిన మనిషి, ఇక్కడ ఫలితాలు ఎందుకు ఏకరువు పెడుతున్నాడు? సరైన చోటే ఉలిక్కిపడ్డారు. పేపర్ అక్కడ మొదలవుతుంది. చాలామంది విద్యార్థులు మాత్రం అక్కడే ‘కాంట్ తనకు తానే విరుద్ధంగా మాట్లాడాడు’ అని తీర్పు చెప్పి ముగించేస్తారు. అది తొందరపాటు. కాంట్ పక్షాన ఒక మంచి వకీలు ఉంటే ఏమంటాడో ఆలోచించండి. ‘ఫలితం చెడ్డది కాబట్టి అబద్ధం తప్పని నా కక్షిదారు అనలేదు. తప్పు చేసినవాడి ఖాతాలో ఆ తప్పు వల్ల వచ్చిన ఫలితాలన్నీ పడతాయన్నాడు. ధర్మం తప్పనివాడికి అదే ఫలితం ఎదురైతే అది దైవికం. ఇది బాధ్యత గురించిన మాట, లాభనష్టాల లెక్క కాదు’ అంటాడు. చూశారా, మీ ఆక్షేపణకు గట్టి జవాబే వచ్చింది.

ఇక మీరు ఏం చేయాలి? ఆ జవాబు ఒప్పుకోండి. ఒప్పుకుని ఒక అడుగు ముందుకు వేయండి. తప్పు చేసినవాడి ఖాతాలోనే ఫలితాలు పడతాయంటే, అబద్ధం తప్పని ముందే తేలి ఉండాలి. అంటే జారుకున్న మిత్రుడి ఉదాహరణ అబద్ధం తప్పని నిరూపించడం లేదు, తప్పన్న సంగతిని ముందే తీసుకుని దాని మీద నిలబడుతోంది. అప్పుడు కాంట్ వ్యాసం బరువంతా ఆయన చూపిన మరో కారణం మీద పడుతుంది: అబద్ధం మనుషుల మాట మీద ఉండవలసిన నమ్మకాన్నే కూలుస్తుంది, కాబట్టి అది ఏ ఒక్కరికో కాక మొత్తం మానవజాతికే చేసే అపచారం. ఇంతవరకూ చూపిస్తే మీ పేపర్ పూర్తయినట్టే. కాంట్ మొత్తంగా ఒప్పో తప్పో తేల్చే బాధ్యత మీ మీద లేదు.

ఇంత చిన్న విషయానికి పేపర్ ఏమిటని మీకు అనిపించవచ్చు. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అధ్యాపకుడు మూడు పేజీల వ్యాసం ఒకటి అచ్చువేశాడు. ఒక నమ్మకం నిజమై, దానికి తగిన ఆధారం కూడా ఉంటే అది జ్ఞానం అన్న నిర్వచనాన్ని తీసుకుని, ఆ షరతులన్నీ తీరినా జ్ఞానం అనలేని సందర్భాలు రెండు చూపించాడు. జ్ఞానం అంటే మరేమిటో ఆయన అందులో చెప్పలేదు. ఆ మూడు పేజీలకు జవాబులు వెతుకుతూ తరువాతి తరాలు రాసినవాటితో బీరువాలు నిండాయి. చిన్న ప్రతిపాదన అంటే చిల్లర ప్రతిపాదన అని అర్థం కాదు. ఉన్న పేజీల్లో నాలుగు వైపులా కాచుకోగలిగినది అని అర్థం. మీ గదిలో అమ్మాయి ఆరు పేజీల రహస్యం బహుశా ఇదే.

కాంట్‌తో విభేదించడానికి నేనెవరిని అని అడిగారు. అసలు ఆ వ్యాసం ఎలా పుట్టిందో గుర్తుచేసుకోండి. ఫ్రాన్స్‌లో బెంజమిన్ కాన్‌స్టాంట్ అనే యువకుడు, ముప్పై ఏళ్లు కూడా నిండనివాడు, ‘ఒక జర్మన్ తత్వవేత్త’ అంటూ ఈ హంతకుడి విషయంలో కాంట్‌ను ఆక్షేపించాడు. నిజం తెలుసుకునే హక్కు ఉన్నవాడికే మనం నిజం చెప్పవలసి ఉంటుంది, ఇంకొకరికి హాని చేసేవాడికి ఆ హక్కు లేదు అని అతని వాదన. 73 ఏళ్ల కాంట్ ‘నువ్వెవరివి’ అనలేదు. కూర్చుని జవాబు రాశాడు. మీరు చదివిన వ్యాసం ఆ జవాబే. వయసూ పేరూ పక్కన పెట్టి మాటకు మాట జవాబు చెప్పడం ఈ శాస్త్రంలో మర్యాద. కాంట్ మాటను పరీక్షకు పెట్టకుండా పొగిడి వదిలేస్తే ఆయనను గౌరవించినట్టు కాదు.

మన దేశంలో ఈ మర్యాదకు చక్కని పేరుంది: పూర్వపక్షం. ఎదుటివాడి వాదనను ముందు నిలబెట్టి, ఆ తరువాతే మన సిద్ధాంతం చెప్పడం. అన్నీ శూన్యమన్న బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’లో 70 కారికలు (పద్యాలు) ఉంటే, మొదటి 20 తనమీద వచ్చే ఆక్షేపణలకే ఇచ్చాడు. అన్నీ శూన్యమైతే శూన్యమన్న నీ మాట కూడా శూన్యమే కదా, అది దేన్ని ఖండించగలదు అన్న పదునైన ప్రశ్నతో పుస్తకం మొదలవుతుంది. సగటున ప్రతి ఏడు పద్యాల్లో రెండు ప్రత్యర్థివి. మీ పన్నెండు పేజీల్లో ప్రత్యర్థికి ఇచ్చిన చోటు మూడు పంక్తులు: ‘కొందరు దీన్ని విమర్శిస్తారు, కానీ ఆ విమర్శ సరికాదు.’ ఎవరా కొందరు? ఏమన్నారు? ఎందుకు సరికాదు? పూర్వపక్షం రాశాక ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ పక్షంవాడు మీ పేపర్ చదివి, ‘అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే, నాకన్నా బాగా చెప్పారు’ అని తల ఊపాలి. అంతవరకూ దాన్ని ఖండించడానికి మీకు అధికారం రాలేదనుకోండి.

ఈ పరీక్షలో మీరు తప్పిన చోటు ఒకటి చూపిస్తాను. పదకొండో పేజీలో ‘అబద్ధం చెప్పనవసరం లేదు, మౌనంగా ఉంటే సరిపోతుంది కదా’ అని రాశారు. వినడానికి బాగుంది. కానీ కాంట్ వాక్యం మళ్లీ చదవండి. మాట్లాడక తప్పని పరిస్థితిలో పలికే మాట గురించే ఆయన చర్చ. మౌనం అనే తలుపును ముందే మూసేసి ప్రశ్న అడిగాడు. మీరు మూసిన తలుపులోంచి బయటపడ్డానంటున్నారు.

విచిత్రం ఏమిటంటే, మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు కూడా ఇదే తలుపు మూస్తాడు. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ని చంపుతానన్న ప్రతిజ్ఞ పట్టుకుని అర్జునుడు ధర్మరాజు మీదికి కత్తి ఎత్తినప్పుడు, కృష్ణుడు కౌశికుడి కథ చెప్తాడు. ఎప్పుడూ నిజమే పలుకుతానని వ్రతం పట్టిన తాపసి కౌశికుడు. దొంగలు తరుముతుంటే కొందరు పారిపోయి వచ్చి అడవిలో దాక్కున్నారు. దొంగలు అడిగితే ఆయన నిజం చెప్పాడు. వాళ్లు చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. ఇక్కడ కృష్ణుడి మాట ఎంత జాగ్రత్తగా ఉందో చూడండి. మాట్లాడకుండా తప్పించుకోగలిగితే మాట్లాడవద్దు. మాట్లాడక తప్పకపోతే, లేదా మౌనమే అనుమానానికి దారితీస్తే, అప్పుడు నిజం కన్నా అబద్ధమే మేలు. కాంట్, కృష్ణుడు ఒకే ఇరుకులో నిలబడి వ్యతిరేక దిక్కుల్లోకి చూశారు. ఈ సంగతి నాకెప్పుడు గుర్తొచ్చినా ఒళ్లు పులకరిస్తుంది.

మొదటి పేజీలో హరిశ్చంద్రుణ్ని తీసుకువచ్చారు కదా, ఆయన అక్కడ చేసిన పని ఏమీ లేదు. గుమ్మానికి కట్టిన మామిడాకులా ఉన్నాడు. కౌశికుడు అలా కాదు, పని చేస్తాడు. అయితే కౌశికుడు నరకానికి పోయాడు కాబట్టి కాంట్ తప్పు అని మాత్రం రాయకండి. నరకం తీర్పే గానీ కారణం కాదు. కాంట్ వకీలు వెంటనే, ‘కథ రాసినవారు అలా అన్నారు, ఎందుకో చెప్పండి’ అంటాడు. అలాగే భాగవతం వామన ఘట్టంలో శుక్రాచార్యుడు బలికి చెప్పే ‘వారిజాక్షులందు’ పద్యం మనందరికీ నోటికి వస్తుంది. ప్రాణానికీ మానానికీ భంగం వచ్చినప్పుడు బొంకవచ్చంటాడు, పెళ్లి విషయాల్లోనూ బొంకవచ్చంటాడు. ఈ రెండింటినీ ఒకే తాడుకి కట్టే సూత్రం ఏమిటి? పద్యం మినహాయింపుల జాబితా ఇస్తుంది, సూత్రం ఇవ్వదు. మీరు తెలుగులో చదువుకుని వచ్చినందువల్ల ఇలాంటి సామగ్రి మీ దగ్గర దండిగా ఉంది. తరగతిలో చాలామందికి లేదు. ఇప్పుడు తిరగరాస్తున్న పేపర్‌లో వీటికి చోటు ఉండకపోవచ్చు. వచ్చే సెమిస్టర్‌కి కౌశికుడి మీదే ఒక పేపర్ రాయండి.

చదివినదంతా రాయనక్కర్లేదన్నది కష్టమైన పాఠం. అమెరికన్ తత్వవేత్త క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ 1986లో రాసిన వ్యాసం గురించి మీరు పదో పేజీలో ‘ఈమె కూడా ఈ విషయమై విలువైన అభిప్రాయాలు వెలిబుచ్చారు’ అని రాశారు. అంతే. ఆమె వాదన చాలా పదునైనది. హంతకుడు తన ఉద్దేశం దాచిపెట్టి, మీకు తెలియదనుకుని అడుగుతాడు. కాబట్టి అలాంటివాడికి అందరూ అబద్ధమే చెప్పినా ఆ అబద్ధం పనిచేస్తూనే ఉంటుంది. అందువల్ల కాంట్ మొదటి సూత్రం (అందరికీ వర్తించగల నియమం ప్రకారమే నడుచుకో) ప్రకారం ఇక్కడ అబద్ధమాడవచ్చు, రెండో సూత్రం (మనిషిని కేవలం సాధనంగా వాడుకోకు) ప్రకారమే కుదరదు అంటుంది. ఇది ‘మాట మీద నమ్మకం’ అన్న కారణానికి దగ్గరగా తగిలే వాదన. మీరు తీసుకున్నది జారుకున్న మిత్రుడి ఉదాహరణ. కాబట్టి ఆమెను పేజీ అడుగున ఒక ఫుట్‌నోట్‌లో గౌరవంగా తలచి వదిలేయండి. లేదా ప్రతిపాదన మార్చుకుని ఆమెతోనే తలపడండి. ఊరికే పేరు చెప్పి వెళ్లడం మాత్రం వద్దు.

ఇంగ్లీషు సంగతి. మీ వాక్యాల్లో వ్యాకరణ దోషాలు అక్కడక్కడా ఉన్నాయి, వాటివల్ల పోయినవి ఒకటి రెండు మార్కులకు మించవు. నన్ను కలవరపెట్టినది వేరే. ఒకే విషయాన్ని ఒకచోట ‘తప్పు’ అన్నారు, ఇంకోచోట ‘అన్యాయం’ అన్నారు, మరోచోట ‘చట్టవిరుద్ధం’ అన్నారు. వ్యాసరచనలో ఒకే పదం తిరిగి వాడకూడదని స్కూల్లో మనకు నేర్పారు. ఫిలాసఫీలో ఆ పాఠం మరిచిపోవాలి. ఒక పదానికి ఒక అర్థం, ఆ అర్థానికి చివరిదాకా అదే పదం. ఈ పేపర్‌లో అది మరీ ముఖ్యం. నన్ను అన్యాయంగా బలవంతపెట్టినవాడికి నేను అబద్ధం చెబితే అతనికి అన్యాయం చేసినట్టు కాదు, కానీ మొత్తంగా తప్పు చేసినట్టే అని కాంట్ విడదీసి చెప్పాడు. ఆ రెండు పదాలనూ కలగలిపి వాడితే ఆయన వాదన మీ పేజీ మీదే మాయమైపోతుంది.

భయం పోవడానికి ఒక పని చేయండి. వాదన మొత్తం ముందు తెలుగులో, నోటితో, కాగితం చూడకుండా చెప్పండి. ఎక్కడ ‘అంటే... అదీ...’ అని ఆగారో అక్కడ ఇంగ్లీషు అడ్డం రాలేదు, ఆలోచన ఇంకా తేలలేదు. తేలిన ఆలోచన పొట్టి వాక్యాల్లో ఇంగ్లీషులోకి దిగుతుంది. మీ మొదటి పేరా ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి, తెలుగులోనే రాస్తున్నాను:

‘మిత్రుణ్ని చంపడానికి వచ్చినవాడు అడిగినా అబద్ధం చెప్పకూడదని కాంట్ వాదించాడు. అందుకు రెండు కారణాలు చూపాడు. ఒకటి, అబద్ధం మనుషుల మాట మీద నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. రెండు, అబద్ధం చెప్పినవాడు దాని ఫలితాలన్నిటికీ బాధ్యుడవుతాడు. ఈ రెండో కారణం అబద్ధం తప్పని నిరూపించలేదని, తప్పని ముందే ఒప్పుకున్నవారి విషయంలోనే అది పనిచేస్తుందని ఈ పేపర్‌లో చూపిస్తాను. మొదటి కారణం నిలుస్తుందా లేదా అన్నది ఇక్కడ చర్చించను.’

మానవజాతి లేదు, కాంట్ పుట్టిన ఊరు లేదు. మీరు ఏం తలకెత్తుకున్నారో, ఏం ఎత్తుకోలేదో పాఠకుడికి అరపేజీలో తెలిసిపోయింది. ఇక ప్రతి పేరా పక్కనా పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసుకోండి: ఈ పేరా ఏం పని చేస్తోంది? కాంట్ వాదన చెప్తోందా, నా ఆక్షేపణా, దానికి ఆయన జవాబా, ఆ జవాబుకు నా జవాబా? ఏ పనీ కనిపించని పేరా ఎంత అందంగా ఉన్నా తీసేయండి. మీ పేపర్‌లో నాకు బాగా నచ్చిన పేరా గాంధీ మీద రాసినది. అది కూడా పోవలసిందే.

మొదటి వారం రాయవద్దు. కాంట్ వ్యాసం కొద్ది పేజీలే కదా, రోజుకొకసారి చదవండి, వ్యాఖ్యాతలను ముట్టుకోకండి. రెండో వారం రాయండి. మూడో వారం మొదట్లో గదిలో ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, కాంట్ తరఫున వాదించమని అడగండి. 19 వచ్చిన మనిషి కదా, గట్టిగానే వాదిస్తుంది. ఆమె వేసిన ప్రశ్నల్లో మీకు జవాబు దొరకనిది ఒకటి తప్పక మిగులుతుంది. దాన్ని దాచకండి. చివరి పేరాలో బలాలూ బలహీనతలూ అన్న వాక్యం ఉన్న చోట ఆ ప్రశ్న రాసి, దానికి జవాబు చెప్పాలంటే ఇంకా ఏం తేలాలో ఒకటి రెండు మాటల్లో చెప్పండి.

తిరగరాసిన ప్రతి మీ సార్‌కి ఇచ్చేముందు, వీలైతే మొదటి పేజీ నాకు పంపండి. రెండు రోజుల్లో చదివి జవాబు రాస్తాను.